ప్రచార రథం కిందికి నేను దూరని రోజు

ఏలూరులో పాత బళ్ళు అమ్మే బ్రోకర్ల మధ్య నాకు మర్యాద తెలియని మనిషినని పేరు. కాఫీ ఇస్తే తాగడు, కుర్చీ వేస్తే కూర్చోడు, వచ్చీ రాగానే గోనెసంచీ పరుచుకుని బండి కింద పడుకుంటాడు అని చెప్పుకుంటారు. నిజమే. ముప్ఫై నాలుగేళ్ళు బస్సు డిపో గ్యారేజీలో పనిచేసి హెడ్ మెకానిక్కుగా రిటైరైన నాకు మిగిలిన బిరుదు ఇదొక్కటే. పదవీ విరమణ నాడు కప్పిన శాలువా రెండేళ్ళకే పీలికలైంది. ఈ పేరు మాత్రం ఇంకా గట్టిగా ఉంది. దీన్ని ఎలా సంపాదించుకున్నానో ఇప్పుడిప్పుడే స్పానర్లు పట్టుకుంటున్న మీకు చెప్పాలనిపించింది. పెద్దవాడు చెబుతున్నాడు కదా అని చేతులు కట్టుకుని వినక్కర్లేదు. ఇందులో తెలివితక్కువ పని చేసింది నేనే కాబట్టి హాయిగా నవ్వుకుంటూ చదవండి.

అప్పటికి నాకింకా ఏడాదిన్నర సర్వీసు ఉంది. డిపోలో నా చెవికి పెద్ద పేరు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏది అరిగిందో చెప్పేవాణ్ణి. నిజానికి ఆ విద్య మా గ్యారేజీలో నలుగురైదుగురికి వచ్చు. వాళ్ళు కళ్ళు తెరిచి చెప్పేవాళ్ళు, నేను కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి, అంతే తేడా. కళ్ళు మూసుకున్నవాడికి పేరొచ్చింది. ఆ పేరు డిపో గేటు దాటి ఊళ్ళోకి పోయింది. పాత బండి కొనేవాళ్ళు ఆదివారాలు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టారు.

నాకు ఇంకో జబ్బు కూడా ఉండేది. ఆరు రోజులు నూనె మరకల ఖాకీలో బతికేవాణ్ణి గనక ఏడో రోజు తెల్లచొక్కా వేసుకునేవాణ్ణి. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. అది వేసుకుని వెళితే కొత్తవాళ్ళు నన్ను ఏ ఇంజనీరో అనుకునేవారు. నేను కాదని చెప్పేవాణ్ణి కాదు.

మా గ్యారేజీలో ఒక వెల్డరు ఉండేవారు. ఇప్పుడు ‘వారు’ అంటున్నాను గానీ అప్పట్లో ‘ఏవయ్యా’ అనే పిలిచేవాణ్ణి. తాతల నాటి నుంచీ చర్చి కుటుంబం. ఆదివారం ప్రార్థన మానడు, సోమవారం పని మానడు, మిగతా రోజుల్లో మాట్లాడడు. రోజంతా బస్సుల కిందే ఉండేవాడు. ఏ బస్సు ఛాసిస్‌కి ఎక్కడ పగులుందో కాగితం చూడకుండా చెప్పగలిగేవాడు. ఆ విద్యకి మాత్రం గేటు దాటి పేరు రాలేదు. మట్టి కొట్టుకున్న మనిషిని చూడ్డానికి ఎవరు వస్తారు చెప్పండి.

ఆయన చెల్లెల్ని భీమడోలు ఇచ్చారు. ఆవిడ భర్త అక్కడ మైకు సెట్టు, లైటింగు, జనరేటరు అద్దెకిచ్చేవాడు. కొల్లేరు చుట్టుపక్కల చర్చీల సువార్త సభలకీ, ద్వారకా తిరుమల సత్రాల్లో పెళ్ళిళ్ళకీ వాళ్ళ సామానే వెళ్ళేది. జనరేటరు రెండు చక్రాల ట్రాలీ మీద ఉండేది. దాన్ని ఒక పాత జీపు లాగేది. స్పీకర్లు, వైర్లు, పనివాళ్ళు వెనకాల ఆటోలో వచ్చేవారు. జీపు ముసలిదైపోయి గుండుగొలను దాటేలోపే ఆవిర్లు కక్కడం మొదలుపెట్టింది. సామానూ మనుషులూ లోపల, జనరేటరు వెనక, అంతా ఒకే బండితో సాగిపోయేలా ఒక వ్యాను కొనాలని ఆయన ఆశ. జీపు అమ్మితే గానీ వ్యాను రాదు. జీపు అమ్మేశాక వ్యాను లాగకపోతే వాళ్ళ పొయ్యి వెలగదు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలియదని చెప్పుకునే వీలు నాకు లేదు.

వ్యాను ఏలూరు బైపాసు పక్కన ఒక బ్రోకరు దగ్గర దొరికింది. మామూలు వ్యాను కాదు, ప్రచార రథం. పన్నెండు మంది కూర్చునే వ్యానుగా పుట్టిన దాన్ని ఒక నాయకుడు కొన్నాడు. టాపు కోయించి, మీట నొక్కితే మనిషి పైకి లేచే లిఫ్టు పెట్టించాడు. లోపల సోఫాలు, ఏసీ, ఎర్ర తివాచీ వేయించాడు. వెనకాల అనుచరులు వేలాడుతూ నిలబడడానికి వెడల్పాటి మెట్టు కట్టించాడు. ఆ రథమెక్కి రెండు ఎన్నికలు తిరిగి రెండింట్లోనూ ఓడిపోయాడు. మొదటిసారి ఒక పార్టీ తరఫున, రెండోసారి దాన్ని తిట్టే పార్టీ తరఫున. తలుపు సందుల్లో గీకి చూస్తే రెండు పార్టీల రంగులూ పొరలు పొరలుగా కనిపించేవి.

ఒక ఆదివారం పొద్దున్న మైకు సెట్టాయన, ఆయన భార్య, నేను బ్రోకరు దగ్గరికి వెళ్ళాం. వెల్డరు చర్చికి వెళ్ళాడు. బ్రోకరు ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

“రండి బాబు గారూ, రండి. మీరొస్తున్నారని తెలిసి కొరమీను తెప్పించేనండి. ముందు భోంచేద్దారి. బండెక్కడికీ పోదండి.”

ఇల్లు ఆ స్థలంలోనే ఉంది. కాదనడం మా వైపు పద్ధతి కాదు. కొరమీను పులుసు అద్భుతంగా ఉంది. రెండోసారి వడ్డించుకున్నాను. మూడోసారి ఆయనే వడ్డించాడు. తరవాత పెరుగు, ఆ పైన కిళ్ళీ. ఇంతా అయ్యాక బండి దగ్గరికి నడిచాం.

ఇంజను విషయంలో నా పని నేను సరిగ్గానే చేశాను. ఆయిలు మూత తీసి చూశాను, పొగ చూశాను, రేడియేటరు చూశాను. క్లచ్చు పట్టు చూశాను. బ్రేకులు వేసి చూశాను. చివరికి స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. స్థలంలో ఉన్న పదిమందీ ఊపిరి బిగబట్టారు. ఇంజను నిజంగానే బాగుంది. అది నాయకుడి కంటే తక్కువ కష్టపడింది.

ఈలోపు మైకు సెట్టాయన లోపల మీట నొక్కినట్టున్నాడు, టాపులోంచి మెల్లగా పైకి లేచాడు. లేచినవాడు ఊరుకోలేదు. తెలియకుండానే రెండు చేతులూ జోడించి నాలుగు దిక్కులకీ తిరిగాడు.

“దిగండి” అంది ఆయన భార్య.

దిగాడు గానీ అప్పటికే కొనేశాడని నాకు అర్థమైంది. ఆవిడ మాత్రం బండి చుట్టూ ఒకసారి తిరిగి నా దగ్గరికి వచ్చింది.

“అన్నయ్య గారూ, ఓసారి కిందకి కూడా చూడండి. మాకు లాగడానికే కదండీ.”

న్యాయమైన మాట. నన్ను పిలిచింది అందుకే. అంతకు ముందు రోజు వాన పడి నేలంతా నల్లబురదగా ఉంది. నేను ఒక అట్టముక్క కోసం అటూ ఇటూ చూశాను. బ్రోకరు నా చూపు పట్టేశాడు.

“అమ్మా, బాబు గారి చెవి సంగతి మీకు తెలీదేమోనండి. పైనుంచి విని కిందేం ఉందో చెప్పేస్తారు. అలాంటాయన్ని బురదలో పడుకోమంటే మాకు పాపం తగులుద్దండి.”

చూశారా, అప్పుడే ఆయన ఇంటి అన్నం తిన్నాను. చేతికి పులుసు వాసనైనా పోలేదు. నీ బండిలో ఏదో మోసం ఉంది, వెతుకుతాను పక్కకి తప్పుకో అని ఆ మనిషి ముందే నేలమీద పడుకోవడం గోదావరి జిల్లాలో పుట్టినవాడికి చేతకాదు. పైగా ఒంటిమీద తెల్లచొక్కా. ఈ రెండింట్లో ఏది పెద్ద కారణమో నేనిప్పటికీ తేల్చుకోలేదు. మర్యాద అని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది గనక మర్యాద అనే చెబుతుంటాను.

మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి తొంగిచూశాను. నల్లగా నిగనిగలాడే పెయింటు కనిపించింది. పాత బండికి కింద కొత్త పెయింటు ఉందంటే ఎవడో ఏదో దాచాడని మొదటి ఏడాది అప్రెంటిస్‌కి కూడా తెలుసు. నాకూ తెలుసు. నడుం ఎత్తి, చేతులు దులుపుకుని, “బంగారం లాంటి బండి, తీసుకోండి” అన్నాను. పదిమందీ విన్నారు. ఆ వారంలోనే జీపు అమ్మేసి రథం తెచ్చుకున్నారు.

నేను బండి చూసొచ్చిన మర్నాడు, సోమవారం, గ్యారేజీలో వెల్డరు నా దగ్గరికి వచ్చాడు. నా చుట్టూ ముగ్గురు నలుగురు మెకానిక్కులున్నారు.

“బండి బాగుందన్నారంట మేస్త్రీ గారూ.”

“బాగుంది.”

“కింద దూరి చూసేరాండీ? లాగే బండి కదండీ.”

“ముప్ఫై ఏళ్ళ సర్వీసు నాది. నాకు చెబుతావేవయ్యా. చూశాను.”

“చూసేరంటే చాలండి” అని తన పనికి తను వెళ్ళిపోయాడు.

అంత తేలిగ్గా నమ్మేశాడు. రెండోసారి అడుగుతాడేమో, అప్పుడు ఏదో ఒకటి సర్దుకుందామని ఆ సాయంత్రం దాకా చూశాను. అడగలేదు. అబద్ధమాడడం కంటే ఆ నమ్మకం ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఇబ్బంది అన్నానే గానీ, నిద్ర మాత్రం బాగానే పట్టింది.

రెండు వారాలకి, ఆదివారం ప్రార్థన అయ్యాక మధ్యాహ్నం, వెల్డరు తన వెల్డింగు సెట్టు తీసుకుని భీమడోలు వచ్చాడు. వ్యాను వెనక ట్రాలీ తగిలించే హుక్కు వెల్డింగు చేయాలి. వచ్చే శుక్రవారం నుంచి కైకలూరు దగ్గర మూడు రోజుల సభలు. ఆ సభలకి వాళ్ళు ఏటా వెళతారు. నేను కూడా వెళ్ళాను, తెల్లచొక్కాలోనే. పని బాగా జరుగుతుంటే పక్కన నిలబడడం నాకిష్టం.

జనరేటరు స్టార్టు చేయబోతే వెల్డరు ఆగమన్నాడు. ముందు సుత్తి తీసుకుని కింద దూరాడు. ముందు చక్రాల దగ్గర నుంచి ఛాసిస్‌ని కొడుతూ వెనక్కి జరుగుతున్నాడు. ఠంగు, ఠంగు అని మోగుతోంది. వెనక చక్రాలు దాటేసరికి ఆ మోత పోయి, డొక్కు డబ్బా మీద కొట్టినట్టు వినిపించింది. పది అడుగుల దూరంలో కుర్చీలో కూర్చున్న నాకు ఆ తేడా స్పష్టంగా తెలిసింది. నా చెవి నిజంగా మంచిదే.

కాసేపు గీకిన చప్పుడు వచ్చింది. తరవాత ఆయన బయటికి వచ్చి మోచేతులు దులుపుకున్నాడు. చెల్లెలి వైపూ చూడలేదు, బావ వైపూ చూడలేదు.

“మేస్త్రీ గారూ, ఓసారి మీరు కూడా చూడండి.”

“నేను చూశాను కదయ్యా. వెయ్యి.”

“మీరు చూసేక వేస్తానండి.”

“నేను చెబుతున్నాను, వెయ్యి.”

డిపోలో అయితే ఆ మాటకి పని జరిగిపోయేది. ఆయన చేతి తొడుగులు తీసి సెట్టు మీద పెట్టాడు. గొంతు పెంచలేదు.

“ఈ బండిలో మా బావ గారుంటారండి. ట్రాలీ వెనకాల సైకిళ్ళ మీద ఎవరెవరో వస్తుంటారండి. మీరు ఓసారి పడుకుని చూసి, వెయ్యమంటే వేసేస్తానండి. కాదనను.”

మైకు సెట్టాయన, ఆయన భార్య నా వైపు చూస్తున్నారు. నేను లేచి తెల్లచొక్కాతో నేలమీద పడుకుని కిందికి జరిగాను.

అసలు ఛాసిస్ వెనక చక్రాలు దాటిన కాసేపటికే అయిపోయింది. అనుచరుల మెట్టు కోసం దానికి మూడడుగుల సన్నటి పైపులు తెచ్చి అతికించారు. అతుకు మీద లప్పం రాసి నల్లరంగు కొట్టారు. గీకిన చోట లప్పం రాలిపోయి, లోపల తుప్పు, ఆ తుప్పు మధ్య వెలుతురు కనిపించాయి. అతుకు వేసిన అసలు ఛాసిస్ కొసనీ తుప్పు తినేసింది, ఇక హుక్కుకి పట్టు దొరికే చోటే లేదు. నాయకుడి వెనక నిలబడినవాళ్ళు రెండో ఎన్నిక అవగానే దిగిపోయారు గనక ఆ అతుకు అంతకాలమైనా నిలిచింది. హుక్కు వెయ్యాల్సింది సరిగ్గా అక్కడే. జనరేటరు ట్రాలీ బరువంతా పడేది దాని మీదే. ఏ కాలవ వంతెన ఎక్కేటప్పుడో అతుకు ఊడితే ట్రాలీ వెనక్కి దొర్లిపోతుంది. అది దొర్లే దారిలో ఎవరుంటే వాళ్ళ ప్రాణం పోతుంది.

నేను కింద చాలాసేపు ఉన్నాను. చూడాల్సింది అయిపోయింది, బయటికి రావడానికి మొహం చెల్లలేదు. చివరికి వచ్చాను.

“ఏమైందండీ?” అన్నాడు మైకు సెట్టాయన.

“ఈ బండి లాగదు. ఆ రోజు నేను కింద చూడలేదు. చూశానని మీ బావ గారితో అబద్ధం చెప్పాను.”

వెల్డరు సెట్టు వైర్లు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆవిడ లోపలికి వెళ్ళి తువ్వాలు తెచ్చి నా చేతికిచ్చింది. వీపంతా మట్టీ గ్రీజూ అయిన నా చొక్కా వైపు చూసింది.

“ఆ రోజే మాసిపోయుంటే ఎంత బాగుండేదండీ అన్నయ్య గారూ.”

తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆవిడ మెత్తగానే అంది. తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. నా సర్వీసులో మెమోలు తీసుకున్నాను, ఒకసారి సస్పెండు కూడా అయ్యాను. అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

“మరి శుక్రవారం ఎలాగండీ?” అన్నాడు ఆయన. నన్ను కాదు, జనరేటరు వైపు చూసి అడిగాడు.

మర్నాడు డ్యూటీ దిగాక నేనూ వెల్డరూ బ్రోకరు దగ్గరికి వెళ్ళాం. ఆయన కుర్చీలు వేయించి, కాఫీ తెప్పించి, చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. “మరేనండి, పాపం” అని బోలెడు బాధపడ్డాడు. ఆ తరవాత, “కానీ బాబు గారూ, బంగారం అన్నది మీరే కదండీ. ఇక్కడున్నోళ్ళందరూ విన్నారండి” అన్నాడు. అది నిజం కాబట్టి లేచి వచ్చేశాం. వెల్డరు కాఫీ ముట్టుకోలేదు. నేను తాగి వచ్చాను.

శుక్రవారం జనరేటరుని చేపల మేత మోసే ట్రాక్టరుకి తగిలించారు. అది బతిమాలి తెచ్చుకున్న ట్రాక్టరు. మైకు సెట్టాయన దాని మీద కూర్చున్నాడు. వెనకాల ఒక పనివాడు నడిపే రథంలో స్పీకర్లు, వైర్లు, నేను. అనుచరుల మెట్టుని వెల్డరు ముందే కోసి పారేశాడు గనక లోపల పెట్టిన సామాను మటుకు మోస్తుంది. ఖాకీ వేసుకోవాలని తోచింది గానీ ప్రార్థన సభకి బాగుండదని మళ్ళీ తెల్లచొక్కాయే వేసుకున్నాను. ట్రాక్టరు నడకన చేపల చెరువుల గట్ల మీద నుంచి వెళుతున్నాం. ఊళ్ళోకి అడుగుపెట్టగానే జనం ఇళ్ళల్లోంచి వచ్చి చూశారు. బండిని గుర్తుపట్టినవాళ్ళు నవ్వుకున్నారు. ఒక ముసలావిడ మాత్రం ఖాళీ బిందె చంకన పెట్టుకుని సరాసరి కిటికీ దగ్గరికి వచ్చింది. రథంలో తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నవాణ్ణి ఆవిడ ఏమనుకుంటుంది?

“చుట్టూ నీళ్ళే గానీ తాగడానికి చుక్క లేదు బాబూ. మంచినీళ్ళ సంగతి ఏం చేసేరండీ?”

నేను నాయకుణ్ణి కాదమ్మా, మెకానిక్కుని అని చెప్పచ్చు. చుట్టూ నలుగురు పోగయ్యారు, బండి కదులుతోంది. తొందరలో నా నోటికి వచ్చింది ఒక్కటే మాట.

“చూస్తానమ్మా.”

“పోయినసారి వచ్చినాయన కూడా అదే అన్నారండి” అని ఆవిడ పక్కకి తప్పుకుంది.

ఆ నాయకుణ్ణి నేను అప్పటిదాకా చాలా వెటకారంగా తలుచుకునేవాణ్ణి. ఆ తరవాత తగ్గించాను. చూడకుండా చూశానన్నవాడికీ, చూసే ఉద్దేశం లేకుండా చూస్తానన్నవాడికీ మధ్య తేడా వెతకడం మొదలుపెడితే నాకే నష్టం.

సభలు జరిగాయి. ఆ తరవాత మాత్రం ట్రాక్టరు వాళ్ళ పని వాళ్ళకి ఉంది. పెళ్ళిళ్ళ కాలమంతా జనరేటరు ఇంటి ముందే ఉండిపోయింది. ద్వారకా తిరుమల సత్రాల వాళ్ళు వేరే మనుషుల్ని పెట్టుకున్నారు. మైకు సెట్టాయన ఆ ఏడాది వేరేవాళ్ళ దగ్గర లైట్లు కట్టడానికి కూలికి వెళ్ళాడు. ఎక్కడైనా ఎదురుపడితే నాకు నమస్కారం పెట్టేవాడు, ఆగేవాడు కాదు. వెల్డరు నన్ను ఎప్పటిలాగే ‘మేస్త్రీ గారూ’ అనేవాడు. నేను మాత్రం ‘ఏవయ్యా’ అనలేకపోయాను. నా నోటికి ‘గారు’ అలవాటైంది. గ్యారేజీలో అందరూ దానికి నవ్వారు. కారణం నేను చెప్పలేదు, ఆయనా చెప్పలేదు.

చివరికి రథాన్ని టిఫిను సెంటరు పెట్టుకునే మనిషి ఒకడు కొనుక్కున్నాడు. ఇప్పుడు అది ద్వారకా తిరుమల రోడ్డు పక్కన ఇటుకల మీద నిలబడి ఉంది. నాయకుడు లేచిన కంతలోంచి ఇడ్లీల ఆవిరి లేస్తుంది. చట్నీ బాగుంటుంది, అటు వెళితే ఆగండి.

మీకు నేను చెప్పదలుచుకున్నది చిన్న విషయం. మార్పులు చేసిన బండిలో ఏం పెట్టారో అమ్మేవాడు చూపిస్తాడు. ఏం కోశారో మీరు వెతుక్కోవాలి. అది కిందే ఉంటుంది. పడుకోవాలి. భోజనానికి ముందు పడుకోవాలి. మిమ్మల్ని నమ్మి పిలిచినవాడి కంటే అమ్మేవాడి పులుసుకి ఎక్కువ మర్యాద ఇచ్చారనుకోండి, ఇక మీరు ఇంకెవరి బండీ చూడకపోవడం మంచిది. నేను ఒక ఏడాది ఎవరి బండీ చూడలేదు. మళ్ళీ మొదలుపెట్టిన రోజు నుంచే నేను మర్యాద తెలియని మనిషినయ్యాను.

రిటైరైన మరుసటి ఏడాది వెల్డరు గారు ఫోను చేశారు. చెల్లెలు వాళ్ళు పాత ట్రాక్టరు బేరం చేస్తున్నారని, అమ్మేవాళ్ళు దాన్ని చూపించడానికి ఇంటికే తెచ్చారని, నన్ను రమ్మంటున్నారని చెప్పారు. ఎవరు రమ్మన్నారని రెండుసార్లు అడిగాను. చెల్లెలే అన్నారు. బీరువాలో చొక్కాలు వెతికి, పాత ఖాకీ ఒకటి తీసి వేసుకుని భీమడోలు బస్సెక్కాను.

వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు ట్రాక్టరు ఉంది. మైకు సెట్టాయన అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఆవిడ అప్పటికే ట్రాక్టరు కింద పాత చాప పరిచి, దాని మీద ఒక సుత్తి పెట్టి ఉంచింది. లోపలి నుంచి కాఫీ వాసన వస్తోంది.

“రండి అన్నయ్య గారూ” అంది. “ముందు పడుకోండి. చూసేక ఇస్తాను.”